ముందు పుండు, తర్వాత సిర

ఆలింగ్ తిబాంగ్ ఎడమ కాలి గురించి తెలిసినంతగా నాకు నా మొగుడి గురించి కూడా తెలియదు. ఏడేళ్లపాటు వారానికి రెండుసార్లు, మంగళవారమూ శుక్రవారమూ, ఆ కాలు ఒళ్లో పెట్టుకుని కట్టు విప్పాను, కడిగాను, మళ్లీ కట్టాను. లోపలి వైపు చీలమండకు నాలుగు వేళ్ల పైన పుండు. చుట్టూ చర్మం నల్లబడి, పాత తోలు చెప్పులా బిరుసెక్కి ఉండేది. ఒక్కోసారి మానుతున్నట్టే కనిపించేది. మేమిద్దరం సంబరపడి కాఫీ పెట్టుకునేవాళ్లం. మూడు వారాలు తిరక్కుండానే మళ్లీ విచ్చుకుని నీరు కారేది.

నా పేరు ఫెలీసా. మా వాడకు ఆరోగ్య కార్యకర్తని. ప్రభుత్వం నాకిచ్చింది ఒక నీలం చొక్కా, రక్తపోటు చూసే మిషను, ఏడాదికోసారి శిక్షణ. నోరు మాత్రం నా సొంతం. ఆ నోరు ఊరుకుని ఉంటే ఈ కథ రాయాల్సిన అవసరం నాకు వచ్చేది కాదు.

తిబాంగ్ అసలు పేరు ప్రిమితీవా. పెద్దావిడని ఊరంతా మర్యాదకి ఆలింగ్ అంటారు. ఇప్పుడు అరవై రెండేళ్లు. నాకంటే నాలుగేళ్లు పెద్దది కాబట్టి ఆతే అని పిలుస్తాను, మాలో అక్కని అలాగే అంటాం. పెళ్లి కాలేదు. పెళ్లికి తీరిక దొరకలేదంటే సరిగ్గా ఉంటుంది. మాది బతాంగస్‌లో బరోంగ్‌ల మీద పూలు కుట్టే ఊరు. బరోంగ్ అంటే మగవాళ్లు పెళ్లికీ చావుకీ తొడుక్కునే చొక్కా. అనాస నారతో నేస్తారు, ఉల్లిపొరలా అవతలి చెయ్యి కనిపించేంత పల్చన. ఊళ్లో సగం మంది కుడతారు, తక్కిన సగం మంది కుట్టేవాళ్లకి అన్నం వండుతారు. దాన్ని ఇస్త్రీ చేయడం మాత్రం అందరి వల్లా కాదు. బట్టలో తడి ఎంత ఉండాలో అంతే ఉండాలి. మందపాటి తువ్వాలు పరిచి, చొక్కా తిరగేసి, వెనక నుంచి వేడి పెట్టాలి. అప్పుడే ముందువైపు పూలు లేచి నిలబడతాయి. చెయ్యి ఒక్క క్షణం ఆగిందా, మూడు నెలల కుట్టుపని మాడిపోతుంది.

పద్నాలుగో ఏట వాళ్లమ్మ పక్కన బొగ్గుల ఇస్త్రీపెట్టెతో మొదలుపెట్టింది తిబాంగ్. పెట్టె అడుగుని అరటాకు మీద రుద్ది నునుపు చేసుకునే రోజులవి. తర్వాత కరెంటు పెట్టెలు వచ్చాయి, వాళ్లమ్మ పోయింది, తమ్ముళ్లు పెళ్లిళ్లు చేసుకుని ఎవరి దారిన వాళ్లు పోయారు. తిబాంగ్ ఆ బల్ల దగ్గరే నిలబడి ఉంది. పొద్దున్న ఏడింటి నుంచి సాయంత్రం ఆరింటిదాకా, నలభై ఏళ్లకు పైగా.

కూర్చుని చెయ్యొచ్చు కదా అని అడిగినవాళ్లకి ఆమె జవాబు ఒకటే. "కూర్చుంటే భుజం బరువు పెట్టె మీద పడదు. బరువు పడకపోతే మెడపట్టీ నిలబడదు. మెడపట్టీ నిలబడకపోతే పెళ్లికొడుకు జ్వరమొచ్చినవాడిలా ఉంటాడు."

ఆ మెడపట్టీలు కత్తిరించేది మాంగ్ తెర్యో, పెద్ద వయసు మగవాళ్లని మాంగ్ అంటాం. అదే షాపులో దర్జీ. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ నోట్లో రెండు గుండుసూదులు పెట్టుకుని ఉండేవాడు. అందుకే పెద్దగా మాట్లాడేవాడు కాదేమో. భార్య పోయి చాలా ఏళ్లయింది, పిల్లల్లేరు. ఇరవై ఏళ్లు ఒకే గదిలో ఎదురుబొదురుగా పనిచేశారు ఇద్దరూ. గదికి ఉన్నది ఒక్కటే ఫ్యాను. ఆయన దాన్ని ఆమె వైపు తిప్పేవాడు. ఆమె "బట్ట ఎగురుతోంది" అని విసుక్కుని ఆయన వైపు తిప్పేసేది. కాసేపాగి ఆయన మళ్లీ తిప్పేవాడు.

"మాంగ్ తెర్యో, ఫ్యానుకి మెడ పట్టేసింది, వదిలేయండి పాపం!" అనేవాళ్లు కుట్టుపని అమ్మాయిలు. "ఇద్దరూ ఒక పక్కనే ఉంటే పోలా?"

"మీ పూలు చూసుకోండే, వంకరగా వస్తున్నాయ్," అనేది తిబాంగ్. చెవులు మాత్రం ఎర్రబడేవి.

ఆమె యాభై అయిదో ఏట, ఒక సెప్టెంబరు సాయంత్రం, ఆయన గుండుసూదులు నోట్లోంచి తీసి, "ఇవాళ మీ ఇంటికి రావచ్చా?" అని అడిగాడు. మా ఊళ్లో మగవాడు అలా అడిగితే ఎందుకో పిల్లలకి కూడా తెలుసు. ఆ రోజు మనీలా పెళ్లివాళ్ల చొక్కాలు పద్దెనిమిది చేసింది తిబాంగ్. కాళ్లు వాచి, దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. ఇంటికొచ్చి, జాడీలో చన్నీళ్లు తీసుకుని, సబ్బు పెట్టి మోకాళ్లదాకా కడుక్కుంది. పౌడరు రాసుకుని, కొత్త చెప్పులు వేసుకుని కూర్చుంది.

ఇస్త్రీ చేసే ఆడది ఆ పని ఎన్నడూ చేయదు. వేడెక్కి అలిసిన ఒంటి మీద చన్నీళ్లు పడితే నరాలు ఉబ్బుతాయనీ, చేతులు వణుకుతాయనీ మావాళ్ల నమ్మకం. దానికి పస్మా అని పేరు. ఇస్త్రీ ముగిశాక మర్నాటి ఉదయందాకా నీళ్లు ముట్టరు. పస్మా అనే జబ్బు లేదని శిక్షణలో నేను పరీక్ష రాసి పాసయ్యాను. అయినా ఇప్పటికీ ఇస్త్రీ చేస్తే చేతులు కడుక్కోను, నన్నేం చేసుకుంటారో చేసుకోండి.

ఆయన వచ్చాడు, అరటాకుల్లో ఉడికించిన తీపి బియ్యపు పొట్లాలు తెచ్చాడు, అడగాల్సింది అడిగాడు. మొదటిసారే ఊ అంటే బాగుండదని ఆమె ఆలోచించుకుంటానంది. లోపల ఆలోచించడానికేమీ లేదు. ఆ మాట నాకు తర్వాత తనే చెప్పింది. కానీ నెల తిరక్కుండా, ఊళ్ల మధ్య తిరిగే జీప్నీ బండి మెట్టు తగిలి కాలి మీద చిన్న గీరుడు పడింది. గోరంత గీరుడు. అది మానలేదు. వేలెడైంది, అరచేయంతైంది.

నవంబరు మొదటి తేదీన సమాధుల పండక్కి అందరం శ్మశానంలో కొవ్వొత్తులు పెట్టొచ్చిన మర్నాడు, కుంటుకుంటూ నా దగ్గరికొచ్చింది. అప్పటికి పది రోజులుగా జామాకులు మరిగించిన నీళ్లతో కడుక్కుంటోంది. నేను మా ఆరోగ్య కేంద్రం డాక్టరుగారికి చూపించాను. రిటైర్మెంటుకి దగ్గర పడిన పెద్దాయన, మంచివాడు. కాలు చూసి, పిక్క మీద తాళ్లలా ఉబ్బిన సిరలు చూసి, "గట్టిగా కట్టు కట్టు ఫెలీసా. సిరల సంగతి తర్వాత చూద్దాం. ముందు పుండు మానాలి. పుండు ఉండగా సిర జోలికి ఎవరూ పోరు. మానాక పట్నం పంపిద్దాం," అన్నాడు. అప్పట్లో చాలామంది అలాగే చెప్పేవాళ్లు. నేను అదే మాట తిబాంగ్ చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను.

ఆ రోజు కట్టు కడుతుంటే ఆమె గొంతు తగ్గించింది. "ఫెలీ, ఒకటడుగుతాను, నవ్వకు. తెర్యో అడిగాడు నన్ను."

నేను నవ్వాను. నవ్వక చస్తానా, ఊరంతా ఇరవై ఏళ్లుగా ఎదురుచూస్తున్న మాట! "అబ్బో! ఇంకేం, ముహూర్తం ఎప్పుడు?"

"ఈ కాలితోనా? వాసన వస్తోంది కదే. పక్కన పడుకున్న మనిషి ముక్కు మూసుకోవాలా?"

"అయితే విను ఆతే," అన్నాను, కట్టుకి పిన్ను పెడుతూ. నాకు హుషారెక్కువైతే నోటికి అడ్డు ఉండదు. "ముందు పుండు, తర్వాత సిర, ఆ తర్వాతే మొగుడు. వరస తప్పకూడదు!"

వేళాకోళానికన్నాను. ఆమె నవ్వలేదు. మాత్రలు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో చెబితే తలూపినట్టు తలూపింది. నా ఒంటి మీద నీలం చొక్కా ఉంది మరి.

జనవరి మొదటి వారంలో, ముగ్గురు రాజుల పండగనాడు తెర్యో జవాబు కోసం వెళితే, "కాలు మానాక చెబుతాను," అందట. ఆయన సరేనన్నాడు. ఆ తర్వాత రెండేళ్లు మళ్లీ ఎదురుబొదురుగా పనిచేశారు. ఫ్యాను అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఆయన ఏమీ అడగలేదు. ఆమె మంగళవారం, శుక్రవారం నా దగ్గరికి వచ్చి, కట్టు విప్పగానే నా ముఖం వంక చూసేది. పుండు వంక చూసేది కాదు, నా ముఖం వంకే.

అగ్నిపర్వతం బూడిద కక్కిన ఏడాది షాపు మూతపడింది. కుట్టడానికి బట్ట లేదు, మనీలా నుంచి బేరాల్లేవు. తెర్యో కళ్లు కూడా మసకేశాయి. మిందోరో దీవిలో అన్నకి కలమాన్సీ నిమ్మతోట ఉంది, అక్కడికి పోతున్నానని చెప్పడానికొచ్చాడు. అప్పుడు కూడా అడిగాడు, నాతో వస్తావా అని. ఆమె అప్పుడూ అదే మాట అంది. "మానితే కబురు పెడతాను."

"పెట్టు," అన్నాడట ఆయన. పడవ ఎక్కి పోయాడు.

షాపు మళ్లీ తెరిచారు. కొత్త దర్జీ వచ్చాడు. తిబాంగ్ అతని మెడపట్టీలు చూసి రోజూ ముఖం మాడ్చుకునేది. "ఈ గుండ్రం గుండ్రమా? దీన్ని నేను ఎంత నొక్కితే మాత్రం కూర్చుంటుంది?" ఫ్యాను గోడకి బిగించేశారు, ఇప్పుడెవరూ తిప్పక్కర్లేదు. క్రిస్మస్‌కి మిందోరో నుంచి ఎవరో ఒకరి చేత ఒక సంచీ కలమాన్సీ వచ్చేది. ఆ చిన్న నిమ్మకాయల్ని అందరికీ పంచేది. పంచుతూ పంచుతూ ఒకటి గోటితో గిచ్చి వాసన చూసేది. మూడేళ్లు వచ్చింది. నాలుగో క్రిస్మస్‌కి రాలేదు. తుఫాను వల్ల పడవలు ఆగుంటాయని ఆమె అంది. అవునన్నాను నేను.

ఒక శుక్రవారం కట్టు విప్పేసరికి పుండు అంతకుముందు కంటే పెద్దదైంది. నేను దూది వెతుక్కుంటున్నాను. "నాకు ఆయన కావాలే, ఫెలీ," అంది. అంతే. తడబడకుండా, సిగ్గుపడకుండా అంది. అరవై దాటిన ఆడది అలా అనగా నేను అంతకుముందు వినలేదు. ఆ రోజు కట్టు ఎలా కట్టానో నాకు గుర్తులేదు.

ఆ ఏడాది శిక్షణ జిల్లా ఆసుపత్రిలో పెట్టారు. నెలకోసారి మనీలా నుంచి రక్తనాళాల డాక్టరమ్మ వస్తుంది, కటిగ్బాక్ అని, ముప్పై అయిదేళ్లుంటాయేమో. పాఠం అయ్యాక నేను లేచి అడిగాను. "ఏడేళ్ల నుంచి మానని కాలిపుండు ఉందండీ మా దగ్గర. మానగానే సిరకి వైద్యం చేయించాలని కాచుకుని ఉన్నాం."

ఆమె కలం కింద పెట్టింది. "మానాక దేనికి?"

"పుండు ఉండగా సిర ముట్టుకోకూడదు కదండీ."

"అలాగని ఎవరు చెప్పారు మీకు?"

"మీవాళ్లేనండీ," అన్నాను. నాకు మండింది.

ఆమె కోప్పడలేదు. "నిజమే. నాకూ మొదట్లో అలాగే నేర్పారు. పుండు మాననివ్వు, ఆ తర్వాత సిర అని. తర్వాత చాలామంది రోగుల్ని పెట్టుకుని రెండు రకాలుగానూ చేసి చూశారు. కట్టు కడుతూనే సిరని ముందే మూసేసినవాళ్లకి పుండు త్వరగా మానిందని తేలింది. పైన గొట్టం కారుతుంటే కట్టకుండా, కింద నేల తుడుస్తూ కూర్చుంటారా మీరు? ఈ నెలలోనే తీసుకురండి."

జీప్నీలో ఇంటికొస్తుంటే ఏడేళ్ల మంగళవారాలూ శుక్రవారాలూ నా ఒళ్లో కూర్చున్నట్టే ఉంది. నేను తుడిచింది నేల.

తిబాంగ్ ఒక పట్టాన ఒప్పుకోలేదు. "పుండు మానకుండా సిర ముట్టుకోకూడదని నువ్వే కదే నా బుర్ర తిన్నావ్!"

"తిన్నాను. ఇప్పుడు కక్కుతున్నాను. పద."

డాక్టరమ్మ ముందు పాదం మీద నాడి చూసింది. తర్వాత పిక్క మీద జెల్లు రాసి, మిషను పెట్టి తెర మీద చూపించింది. పైకి పోవాల్సిన రక్తం సగం దారిలో జారి కిందికే పడుతోంది. సిరల్లో చిన్న చిన్న తలుపులుంటాయట, రక్తం పైకి పోయాక మూసుకుంటాయట. తిబాంగ్ సిరలో ఆ తలుపులు ఎప్పుడో పాడయ్యాయి. కింద నిలిచిపోయిన రక్తం చర్మాన్ని లోపల్నుంచి నానబెట్టేస్తోంది.

తిబాంగ్ తెర వంక చూడటం లేదు. "డాక్టరమ్మా, ఒక రోజు ఇస్త్రీ చేసొచ్చి చన్నీళ్లతో కాళ్లు కడుక్కున్నాను. మోకాళ్లదాకా. ఆ తర్వాతే ఇది వచ్చింది."

"నీళ్ల వల్ల రాదమ్మా ఇది."

"సబ్బు కూడా పెట్టాను."

"సబ్బు వల్ల కూడా రాదు," అంది డాక్టరమ్మ, నవ్వకుండా. "నలభై ఏళ్లు నిలబడ్డారు. మీ అమ్మగారికి సిరలు ఇలాగే ఉబ్బి ఉండేవా?"

"ఉండేవి."

"మరి? ఆ రోజు మీరు కాళ్లు కడుక్కోకపోయినా ఇది వచ్చేదే."

తిరుగు ప్రయాణంలో తిబాంగ్ జీప్నీ కిటికీ వైపు ముఖం పెట్టుకుని కూర్చుంది. ఊరు దగ్గర పడ్డాక అంది. "ఆయన వస్తున్నాడని కడుక్కున్నాను ఫెలీ. ఈ వయసులో ముస్తాబేంటని దేవుడికి కోపమొచ్చి కాలు పట్టుకున్నాడనుకున్నాను. ఏడేళ్లూ అదే అనుకున్నాను."

నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఏది ముందొచ్చిందో చెప్పలేను. కాలు ఒళ్లో పెట్టుకున్నదాన్ని, ఈ మాట ఒక్కసారైనా అడిగి తెలుసుకోలేకపోయాను.

ఆ నెలాఖరున వైద్యం జరిగింది. మోకాలి దగ్గర మత్తు ఇచ్చి, సన్నటి గొట్టం సిరలోకి పంపి, వేడితో దాన్ని లోపలే మూసేశారు. గంట కూడా పట్టలేదు. నడిచి వెళ్లింది, నడిచి వచ్చింది. దీంతో అయిపోలేదనీ, కట్టు ఎప్పటిలాగే కట్టాలనీ, నిలబడటం తగ్గించి నడవమనీ, కూర్చున్నప్పుడు కాలు ఎత్తున పెట్టుకోమనీ డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. తిబాంగ్ ఎత్తు స్టూలు మీద కూర్చుని ఇస్త్రీ చేయడం నేర్చుకుంది. మెడపట్టీలు బాగానే నిలబడ్డాయి. ఆ సంగతి మాత్రం ఎవరి దగ్గరా ఒప్పుకోదు.

రెండో వారానికి నీరు కారడం తగ్గింది. నాలుగో వారానికి పుండు సగమైంది. అంచుల్లోంచి లేత గులాబీరంగు చర్మం లోపలికి పాకుతుంటే, వంగి వంగి చూసేదాన్ని. ఆరో వారానికి బొటనవేలి గోరంత మిగిలింది.

"ఆతే, మిందోరో పోదాం," అన్నాను.

"మాననీ. ఇంకెంత, కొంచెమే కదా. పూర్తిగా మానాక పోదాం."

నాకు ఒళ్లు తెలియలేదు. చేతిలో ఉన్న కట్టు విసిరికొట్టాను. "మళ్లీ అదే పాటా? పుండు మానేదాకా సిరని ఆపాం. పుండు మానేదాకా మనిషిని ఆపావు. ఏం బావుకున్నాం? నువ్వు రాకపోతే నేనొక్కదాన్నే పోయి, మా ఆతే నీకోసం చస్తోందని పడవ రేవులో నిలబడి అరుస్తాను. అరుస్తానా లేదా?"

"అరుస్తావు," అంది తిబాంగ్. నన్నెరిగిన మనిషి. ఆదివారం తెల్లగౌను వేసుకుంది, దాని మెడ తనే నాలుగుసార్లు ఇస్త్రీ చేసుకుంది. కాలికి కొత్త కట్టు కట్టాను, మేజోడు తొడిగాను. పడవలో రెండు గంటలూ కాలు ఎత్తి బల్ల మీద పెట్టుకుని సముద్రం వంక చూస్తూ కూర్చుంది. నాతో ఒకే ఒక్క మాట అంది. "ఏమని మొదలుపెట్టను?"

"ఊ అను. చాలు. ఏడేళ్ల కిందటి ప్రశ్న ఆయనకి గుర్తుండదా?"

తోట కనుక్కోవడం కష్టం కాలేదు. ఇంటి వసారాలో యాభై అయిదేళ్ల ఆవిడ పీట వేసుకుని కలమాన్సీలు ఏరుతోంది, పెద్దవి ఒక బుట్టలో, చిన్నవి ఒక బుట్టలో.

"ఎవరు కావాలండీ?"

"మాంగ్ తెర్యో," అన్నాను నేను.

ఆవిడ చేతులు తుడుచుకుని లోపలికి కేకేసింది. "ఏవండీ! మీ ఊరివాళ్లొచ్చారు!"

మొగుణ్ణి పిలిచే పిలుపు ఏ ఊళ్లోనైనా ఒక్కలాగే ఉంటుంది. నేను తిబాంగ్ చెయ్యి పట్టుకున్నాను.

ఆయన గడపలోకి వచ్చి నిలబడిపోయాడు. ముసలివాడైపోయాడు, కళ్లజోడు మందమైంది. మా ఇద్దరినీ చూశాడు, ఆ తర్వాత తిబాంగ్ కాలి వంక చూశాడు. నా నోరు, ఎప్పుడూ లేనిది, పడిపోయింది.

తిబాంగే మాట్లాడింది. "కలమాన్సీ కొందామని వచ్చామండీ," అంది ఆవిడతో, తీరిగ్గా, నవ్వుతూ. "మిందోరో కాయలు బాగుంటాయి కదా. మా దర్జీగారి తోట ఉండగా బయట కొనడమెందుకని."

"మంచి పని చేశారు! కూర్చోండి. అయ్యో, కాలికేమైందండీ? ఉండండి, ఉండండి," అని ఆవిడ లోపలికి పరిగెత్తి, ఎత్తుపీట తెచ్చి, దాని మీద దిండు వేసి, తిబాంగ్ కాలిని తన చేతులతో ఎత్తి పెట్టింది.

ఆవిడ కాఫీ పెట్టడానికి వెళ్లింది. తెర్యో సంచీ తీసుకుని పెరట్లోకి నడిచాడు. సాయం పట్టే వంకతో నేను వెనకే వెళ్లాను. కాయలు సంచీలో పోస్తూ, నా వంక చూడకుండా అన్నాడు. "కిందటేడు చేసుకున్నాను, ఫెలీ. అన్న పోయాడు. ఒక్కణ్ణే అయిపోయాను. కబురు చేద్దామనుకున్నాను. ఇలాంటి కబురు ఎవరి చేత పంపను?"

"కాలు మానాక చెబుతానంది కదా, ఆగలేకపోయావా?" అన్నాను. అనకూడదని తెలుసు.

"ఆగాను. మానాలని నేను ఎప్పుడన్నాను? మానకపోతే నేనే కట్టు కట్టేవాణ్ణి. కత్తెర పట్టినవాడిని, కట్టు కట్టలేనా?" సంచీ మూతి కడుతున్న వేళ్లు ఆగిపోయాయి. "అంత మంచి మనిషికి, మానితే గానీ పెళ్లి లేదని ఎవరు చెప్పారు ఫెలీ?"

సంచీ భుజాన వేసుకుని వచ్చేశాను. ఆ మాట అన్నది నేనేనని ఆయనకి చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

తిరుగు పడవలో బల్లలన్నీ నిండిపోయాయి. కాలు ఎత్తున పెట్టుకోవడానికి చోటు లేక, తిబాంగ్ ఆ కలమాన్సీ సంచీ మీదే పెట్టుకుంది. తీరం కనపడకుండా పోయేదాకా చూసి, "ఆవిడ మంచిది," అంది.

"మంచిదే."

"కాలు పైన పెట్టుకోమంది. నలభై ఏళ్లు నిలబడ్డాను, నన్నెవరూ అలా అనలేదు." అప్పుడు ఏడ్చింది. పక్కనున్నవాళ్లు సముద్రం పడలేదేమో అనుకుని ప్లాస్టిక్ సంచీ అందించారు. నేను తీసుకుని దగ్గర పెట్టుకున్నాను.

ఆ తర్వాత మూడు వారాలు ఎప్పటిలాగే వచ్చింది. మిందోరో మాట నేను ఎత్తలేదు, ఆమె ఎత్తలేదు. కలమాన్సీలు వాడలో అందరికీ పంచేసింది. ఇప్పుడు నేను, కాలిపుండుతో ఎవరు నా గడప తొక్కినా, కట్టు కట్టిన చేత్తోనే చీటీ రాసి జిల్లా ఆసుపత్రికి పంపుతున్నాను. పంట కోతలవ్వాలి, పెళ్లవ్వాలి అని ఎవరైనా నసిగితే నా తిట్లు వీధి చివరిదాకా వినిపిస్తాయి. తిడుతున్నది వాళ్లనే అని వాళ్లనుకుంటారు.

ఒక శుక్రవారం కట్టు విప్పాను. దూది పొడిగా వచ్చింది. పుండు ఉన్నచోట పల్చటి కొత్త చర్మం, బరోంగ్ బట్టంత పల్చన, మెరుస్తూ. వేలితో మెల్లిగా నొక్కాను. ఎక్కడా తడి లేదు. "మానింది, ఆతే," అన్నాను.

తిబాంగ్ ఈసారి నా ముఖం వంక చూడలేదు. కాలి వంకే చూసుకుంది, చాలాసేపు. "సిరకి చేసినప్పట్నుంచి ఎన్ని వారాలైంది?" అని అడిగింది.

"తొమ్మిది."

ఆమె వేళ్లు మడవడం మొదలుపెట్టింది. "నేను మొదట నీ దగ్గరికొచ్చింది సమాధుల పండగ మర్నాడు. ఆయన జవాబుకొచ్చింది ముగ్గురు రాజుల పండక్కి. ఆ మధ్యలో ఎన్ని వారాలుంటాయే?"

నేను లెక్క కట్టాను. నవంబరు నాలుగు, డిసెంబరు నాలుగు, ఆ పైన కొత్త సంవత్సరం వారం. మళ్లీ కట్టాను, తప్పేమోనని. తప్పు కాదు.

"తొమ్మిదే," అన్నాను.

"సరిగ్గా సరిపోయేది," అంది తిబాంగ్.

నాకు ఏడుపు ఇక ఆగలేదు. ఆ కాలు ఒళ్లో పెట్టుకునే, దాని మీద తల ఆనించి బావురుమన్నాను. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి నిమిరింది, పెట్టె పట్టిన చెయ్యి, గరుగ్గా ఉంటుంది.

"నీకెందుకే ఏడుపు, ఫెలీ?" అంది. "మానింది కదా."